కింది వరస పళ్ళ గురించి

గౌరవనీయులైన బ్యాంకు మేనేజరు గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మూడో కౌంటరు ఎందుకమ్మగారిని మేడ మీది రికార్డు గది నుంచి దించి, యథాస్థానంలో కూర్చోబెట్టుట గురించి.

తమ బ్యాంకు ఎదుటి సందులో స్కూటర్లు బాగుచేసుకుని బతికే నేను విన్నవించుకొనునది ఏమనగా:

1. సదరు ఉద్యోగిని అసలు పేరు తమ రికార్డులలో ఉండును. ఖాతాదారులమైన మాకు మాత్రం ఆమె ఎందుకమ్మగారే. విత్‌డ్రాయల్ ఫారం చేతికివ్వగానే కళ్ళజోడు పైనుంచి చూసి "ఎందుకు?" అని అడిగేవారు. చెప్పాలి. చెప్పింది నచ్చకపోతే ఫారం వెనక్కి వచ్చేది. ఒకసారి నేను కొత్త చెప్పులకని చెప్పాను. ఆమె కౌంటరు మీంచి వంగి నా కాళ్ళకేసి చూసి, ఇవి ఇంకో ఏడాది వస్తాయి, కుట్టించుకో అన్నారు. వెనక క్యూలో ఉన్నవాళ్ళంతా నా కాళ్ళే చూశారు. పరువు పోయింది గానీ డబ్బు ఖాతాలోనే ఉంది.

2. ఇటువంటి ప్రశ్న అడుగు అధికారం నిబంధనలలో ఎక్కడా లేదనియు, మా డబ్బు మా ఇష్టమనియు మా సందువాళ్ళంతా కలిసి తమకు ఫిర్యాదు ఇచ్చియున్నారు. అందులో నా సంతకం కూడా ఉన్నది, వెతకనక్కర్లేదు, గ్రీజు మరకతో సహా ఉన్నది. తాము వారం తిరక్కుండా ఆమెను మేడెక్కించారు. క్యూ మీద ఫ్యాను తిరగడం లేదని నేను పెట్టుకున్న అర్జీ ఏళ్ళ తరబడి తమ సొరుగులో నిద్రపోతున్నది. దీని మీద మాత్రం అంత చురుకు ఎక్కడి నుంచి వచ్చిందో తమకే తెలియాలి.

3. ఆమె స్థానంలో వచ్చిన పెద్దమనిషి మిక్కిలి మర్యాదస్తుడు. నా ఫిర్యాదు అదే. అడిగినంతా నవ్వుతూ లెక్కపెట్టి ఇచ్చి, "ఇంకేమైనా సేవ చేయమంటారా సార్?" అంటారు. నన్ను సార్ అన్నవాళ్ళు పుట్టి బుద్ధెరిగాక ఎవరూ లేరు. ఏమీ వద్దంటే ఆయన చిన్నబుచ్చుకుంటారేమోనని ఇంకొంచెం తీసేవాణ్ణి. తీసిన డబ్బు చేతిలో ఉంటే ఊరుకోదు కదా, చేపల తొట్టె కొన్నాను. తరవాత అందులోకి చేపలు, ఆ చేపలకు గాలి పంపే మోటారు. ఒకరోజు పాస్‌బుక్కులో ఎంట్రీలు వేయించుకుందామని మాత్రమే వెళ్ళాను. మీకు లోనుకు అర్హత ఉంది సార్ అన్నారు. నాకు అర్హత ఉందని కట్టుకున్న భార్య కూడా ఏనాడూ అనలేదు. ఉబ్బిపోయి సంతకం పెట్టేశాను. ఆ అప్పుతో గోడంత టీవీ వచ్చింది, దాని వెనకే నెలనెలా వాయిదా వచ్చింది.

4. ఇప్పుడు అసలు సంగతి. ఆ ఖాతాలో నేను కూడబెడుతూ వచ్చింది మా అత్తగారి కట్టుడు పళ్ళ కోసం. పెళ్ళయిన కొత్తలో నా దగ్గర ఒక పానా కూడా లేనప్పుడు, తన కుట్టుమిషను అమ్మి నాకు షాపు పెట్టించిన మనిషి. మేమంతా నమిలి తింటుంటే ఆవిడ జావ తాగుతూ మా నోళ్ళు చూస్తూ కూర్చుంటారు. పళ్ళ డాక్టరు కొలతలు తీసి రెండు వరసలూ తయారుచేశారు. నేను ఖాతాలో మిగిలింది ఊడ్చి తీసుకెళితే పై వరసకే సరిపోయింది. ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, కింది వరస నెలాఖరు దాకా ఉంచుతాను, దాటితే కొలతలూ ఖర్చూ మళ్ళీ మొదటి నుంచే అని చెప్పారు.

అత్తగారు పై వరస పెట్టుకుని అద్దంలో చూసుకున్నారు. తిన్నగా చేపల తొట్టె దగ్గరికి వెళ్ళి, "ఇందులో నా కింది పళ్ళు ఏవి అల్లుడూ, ఆ ఎర్ర చేపా?" అని అడిగారు. కోపంగా కాదు, తెలుసుకుందామన్నట్టు అడిగారు. అర్జీలో ఇటువంటివి రాయకూడదని తెలుసును. అయినా రాస్తున్నాను, నాకు చచ్చేంత సిగ్గేసింది.

5. అప్పటి నుంచి ఆదివారాలు కూడా షాపు తీసి, కింది వరసకు కావలసినదాంట్లో సగం పైనే మళ్ళీ ఖాతాలో వేశాను. కానీ డబ్బు పడిందంటే నా కాళ్ళు వాటంతటవే మూడో కౌంటరుకేసి నడుస్తున్నాయి. మా ఆవిడ చేతికిద్దామంటే, గోడంత టీవీకి ఎదురుగా సోఫా లేకపోతే ఏం బాగుంటుందన్నది ఆవిడే. తొట్టె అమ్ముదామంటే, అమ్మినవాడే ఊరికే ఇచ్చినా వద్దన్నాడు.

కావున తాము దయతలచి ఎందుకమ్మగారిని నెలాఖరు దాకానైనా మూడో కౌంటరులో కూర్చోబెట్టి, నా ముఖం కనబడగానే "ఎందుకు?" అని అడుగునట్లు ఉత్తర్వులు ఇప్పించి, ఒక వృద్ధురాలి నమిలే హక్కును కాపాడవలసిందిగా వేడుకొనుచున్నాను. చిత్తగించవలెను.

తమ విధేయుడు
(తన జేబు మాట వచ్చేసరికి ఎవరికీ విధేయుడు కాలేని)
స్కూటర్ మెకానిక్కు

తా.క.: ఈ అర్జీ పట్టుకుని వస్తుంటే తమ మెట్ల మీదే ఎందుకమ్మగారు ఎదురయ్యారు. ఏమిటది అంటే ఇచ్చాను. నిలబడే అంతా చదివారు. "నేను కిందికి రావడం ఎందుకు?" అన్నారు. అత్తగారి పళ్ళ కోసమండీ అన్నాను. ఇన్నేళ్ళలో నేను చెప్పిన కారణం ఆమెకు నచ్చడం ఇదే మొదలు. నా జేబులోంచి పాస్‌బుక్కు లాగి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుని జిప్పు లాగేశారు. "నెలాఖరున మీ అత్తగార్ని పంపు, పుస్తకం ఆవిడ చేతికిస్తాను. నువ్వు రాకు," అన్నారు. పాస్‌బుక్కు లేనిదే తమ బ్యాంకులో పైసా కదలదని తమకు తెలుసును.

నన్ను నేను ఎరుగుదును గనుక ముందే మనవి చేసుకుంటున్నాను. రేపో ఎల్లుండో నేనే ఏడుచుకుంటూ వచ్చి, ఖాతాదారు పాస్‌బుక్కును ఒక ఉద్యోగిని అక్రమంగా పెట్టుకున్నారని ఇంకో అర్జీ ఇస్తాను. దాని మీద మాత్రం తాము చురుకు చూపవద్దు. తీసుకెళ్ళి ఆ ఫ్యాను అర్జీ పక్కన పెట్టించవలెను.