తెరలో పసుపు

12 నవంబరు
ఈ మానిటర్ నన్ను చంపేసేలా ఉంది. తెల్ల పేజీ తెరిస్తే చామంతి టీ ఒలికిన గుడ్డలా కనిపిస్తోంది. రంగులు కొలిచే పరికరం తెరకి తగిలించి కాలిబ్రేషన్ చేశాను. అంతా సవ్యంగా ఉందంది, దాని మొహం. నైట్ మోడ్ ఆన్‌లో ఉందేమో చూశాను, లేదు. కేబుల్ పీకి మళ్లీ పెట్టాను. ఫ్యాక్టరీ సెట్టింగులకి తిప్పాను. అదే పసుపు.
మా ప్రెస్సు నేలమాళిగలో ఉంది. కిటికీ కూడా లేదు, ఎండ మీదికి నెపం నెడదామంటే.

14 నవంబరు
ట్యూబులైట్లు మార్పించాను. పాత రంగుల ప్రొఫైల్ తీసేసి కొత్తది చేశాను. లాభం లేదు. ఇక పరికరాన్ని నమ్మేది లేదు. ఊళ్లో ఎవరైనా పోతే తలుపుల మీద అంటించే చావు కాగితాల ఫోటోలు నా కంటికి సరిగ్గా కనిపించేదాకా వాటిల్లోనే నీలం పెంచుతున్నాను.

16 నవంబరు
మా ఓనరు యోజో వచ్చి, ఏమిటి జుమ్రా, చావు కాగితం కదా అని మనిషిని ఇలా నదిలోంచి తీసినట్టు నీలంగా వేస్తావా అన్నాడు. మానిటర్‌ది తప్పన్నాను. తప్పు దానిదే.

17 నవంబరు, ఆదివారం
మేడ మీద అత్తయ్య అడుగుల చప్పుడు. మా ఆయన ఎధెమ్ పోయినప్పటినుంచి ఆవిడ కాఫీకి కిందికి దిగలేదు. ఒకటే ఇల్లు, ఒకటే మెట్లు. ఎదురుపడితే గోడవైపు తిరుగుతుంది. నలభైయో రోజు ప్రార్థనప్పుడు మాత్రం ఒక్క మాట అంది: నా కొడుకుని దేవుడికి కాకుండా చేశావే అని. కడుపుకోతలో ఏదో అందిలే అనుకున్నాను. ఇల్లు ఆవిడది. వదిలిపెట్టి ఎక్కడికి పోను? పగలు నేలమాళిగ, సాయంత్రం ఆవిడ కాళ్ల కింద.
ఎధెమ్ చావు కాగితం ఇంకా వంటింటి గోడ మీదే ఉంది. అందరికీ వాడే అంచు వద్దని, ముస్లిములకి వేసే ఆకుపచ్చ నేనే కూర్చుని కలిపాను. ముదురుగా, మసీదు తలుపు మీద దూరం నుంచే తెలిసేలా. నా చేత్తో చేసినవాటిల్లో అంత అందమైనది ఇంకోటి లేదు.

2 డిసెంబరు
నా పోరు పడలేక యోజో కొత్త కంప్యూటర్, కొత్త మానిటర్ కొన్నాడు. ఆన్ చేశాను. అమ్మో. ఇదీ పసుపే.
ఎలా ఉంది అన్నాడు. బ్రహ్మాండం అన్నాను. ఇంకేమంటాను?
పాత నమూనాలు ఇందులో తెరుచుకోవడం లేదు. అంచుల రంగులన్నీ మళ్లీ కలుపుకోవాలి. కంటితోనే.

9 డిసెంబరు
పరువు పోయింది.
రొట్టెల కొట్టు షెఫికా మసీదు తలుపు మీంచి వాళ్లమ్మ చావు కాగితం చింపుకొచ్చి నా బల్ల మీద కొట్టింది. ఐదు పూటలా నమాజు చేసిన మనిషే మా అమ్మ, దేవుడూ లేడు దెయ్యమూ లేదనే పార్టీవాళ్లకి వేసినట్టు నీలం అంచు వేస్తావా అంది. ఊరంతా చూశారు, తల ఎక్కడ పెట్టుకోను అని ఏడ్చింది. నీ మొగుడికి వేసుకుంటే వేసుకున్నావు, మా జోలికెందుకొచ్చావు అంది.
నేను కాగితం తీసుకుని చూశాను. ఆకుపచ్చే కదమ్మా అన్నాను.
షెఫికా ఏడుపు ఆపేసింది. యోజో నా మొహంలోకి చూశాడు. తర్వాత తేరుకుని, ఈ మానిటర్ తగలెయ్య, రేపే తిరిగిచ్చేస్తానమ్మా, అమ్మగారికి కొత్త కాగితాలు నేనే దగ్గరుండి వేయిస్తానని ఆవిణ్ణి పంపించాడు.
పాపం ఆ మానిటర్.

11 డిసెంబరు
శుక్లాలట. రెండు కళ్లకీ. లోపలి కటకం పసుపెక్కిపోయిందట, నీలం నాకు నీలంగా అందదట. ఆపరేషన్‌కి వసంతం దాకా వరుసలో ఉండమన్నారు. భయపడకండమ్మా, ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదు, ఏళ్లుగా పెరుగుతోంది అంది డాక్టరు.
ఏళ్లుగా అనగానే వంటింటి గోడ గుర్తొచ్చింది.
ఇంటికొచ్చి కోటు కూడా విప్పకుండా దాని ముందు నిలబడ్డాను. నాకు ఆకుపచ్చే. ఆ కన్ను మూశాను, ఈ కన్ను మూశాను. ఆకుపచ్చే. ఎవర్ని అడగను? పైన ఉన్నావిడనా?

8 జనవరి
కంటిని నమ్మకుండా రంగుల కోడ్ అంకెలు చూసి వేస్తున్నాను. మానిటర్ మీద వంక పెట్టడం మానేశాను. దాంతో యోజో తిరిగివ్వడం వాయిదా వేశాడు. కళ్ల సంగతి చెప్పలేదు. చెబితే రేపట్నుంచి ఇల్లే. ఇంట్లో ఆ గోడే.

20 ఫిబ్రవరి
చెప్పేశాను. యోజో మానిటర్‌ని తిరిగిచ్చేయడానికి డబ్బాలో పెట్టి టేపు వేస్తుంటే చెయ్యి అడ్డం పెట్టాను.
తిడతాడనుకున్నాను. ఓసి నీ ఇల్లు బంగారంగానూ, నాతో కొత్తది కొనిపించి మరీ దాచావా అని నెత్తి కొట్టుకున్నాడు. పని ఎక్కడికీ పోదు, ముందు కళ్లు బాగు చేయించుకో అన్నాడు. అప్పుడు ధైర్యం చేసి అడిగాను. ఎధెమ్ కాగితం అంచు ఏ రంగు?
డబ్బా మీది టేపు గోటితో గీకాడు. నువ్వు నీలం కావాలనే వేశావనుకున్నాం జుమ్రా అన్నాడు. వాడు మసీదు గడప తొక్కి ఎరగడు, ఏ పూటా రాకియా తాగడం మానలేదు, ఉన్నమాట ఊరందరి ముందూ చెప్పింది, గట్టి మనిషి అనుకున్నాం అన్నాడు.
ఎధెమ్ నమ్మాడో లేదో నాకూ తెలీదు. ఎప్పుడూ అడగలేదు. నేను వేసింది మాత్రం ఆకుపచ్చ. దేవుడా, నేను వేసింది ఆకుపచ్చ.

3 ఏప్రిల్
కుడికంటి పట్టీ తీశారు. గడ్డి ఆకుపచ్చగా ఉంది. వంటింటి గోడ మీద ఎధెమ్ నీలంగా ఉన్నాడు.
ఎధెమ్‌ది కొత్త కాగితం ఒకటి, ఆకుపచ్చ అంచుతో, వేసి తెచ్చుకున్నాను. మేడ మెట్ల మీద కూర్చున్నాను. లోపల అత్తయ్య కాఫీ గింజలు చేతి మరలో విసురుకుంటోంది. తలుపు కింద నుంచి కాగితం లోపలికి తోశాను.
మర చప్పుడు ఆగింది.