పిండిగిర్నీ పైన మేడమ్

రాంగోపాల్‌పేట్,
సోమవారం

గౌరవనీయులైన సుమిత్ర మేడమ్ గారికి,

నమస్కారాలు. నేను టైలర్ ఓంప్రకాశ్ గారి కోడలిని, కల్పలతను. మామయ్య కంటి ఆపరేషన్ చేయించుకుని ఇంట్లో ఉన్నారు. దుకాణం నేను చూస్తున్నాను. కొలతల కోసం కస్టమర్లు వదిలి వెళ్ళిన ఆది జాకెట్లన్నీ ఇక్కడ గోనెసంచుల్లో ఉండేవి. ఒక్కటి కావాలంటే సంచులన్నీ బోర్లించాల్సిందే. ఇప్పుడు అన్నిటికీ నంబర్లు వేసి, కొలతలు కంప్యూటర్లో ఎక్కించాను. నంబరు కొడితే ఏ అరలో, ఏ డబ్బాలో ఉందో చెప్పేస్తుంది.

చోటు కలిసి రావాలని ఇంకో ఏర్పాటు చేశాను. ఇద్దరి కొలతలు అచ్చంగా ఒకటైతే ఒక్క ఆదినే ఉంచుకుని రెండోది తిరిగి ఇచ్చేస్తాము. మీ కొలతలు మరొకావిడ కొలతలతో దారమంత తేడా లేకుండా కలిశాయి. కనుక మీ ఆదిని ఈ వారంలో పంపిస్తాను.

విధేయురాలు,
కల్పలత

తా.క. ఎడమ భుజం కాస్త కిందికి ఉండడం కూడా కలిసింది. నమ్మలేక కంప్యూటర్ని మళ్ళీ అడిగాను. అదే మాట మీద ఉంది.


మారేడ్‌పల్లి,
గురువారం

చిరంజీవి కల్పలతకు ఆశీస్సులు.

ఫోన్ చేశాను గానీ మీ మిషన్ల చప్పుడులో నా గొంతు నాకే వినిపించలేదు. అందుకే రాస్తున్నాను. నా ఆది తీయడానికి వీల్లేదు. నా మొదటి ఆదిని మా అమ్మ చేత్తో కుట్టింది. ఆమె పోయాక ఆమె కుట్టు నా దగ్గర మిగిలింది అదొక్కటే. ఇల్లు మారినప్పుడు అదీ పోయింది. పెట్టెలన్నీ వెతికి ఏడ్చాను. ఇప్పుడు ఉన్న ఈ రెండోదాన్ని కూడా ఎవరో ఒకావిడ కోసం వదులుకోవాలా?

అయినా ఎవరమ్మా ఆవిడ? సికింద్రాబాద్‌లో నా వీపుతో ఇంకొకరు తిరుగుతున్నారని తెలిసినప్పటి నుంచి నాకు అన్నం సయించడం లేదు. మా ఆయన మధుసూదన్‌తో అంటే, "గామె దొరికితే జెర చెప్పు. చీరల షాపుకి గామెనే తీస్కపోత. నీకు తక్లీఫ్ తప్పుతది" అన్నాడు.

ఇట్లు,
సుమిత్ర

తా.క. నిన్న కూరగాయల బండి దగ్గర ఒకామె వెనకే నిలబడి భుజాలు చూశాను. ఆమె తిరిగి "ఏందమ్మా, ఏం గావాలె?" అంది. కొత్తిమీర అన్నాను.


రాంగోపాల్‌పేట్,
శనివారం

మేడమ్ గారికి నమస్కారాలు.

ఆవిడ పేరు నాకూ తెలియదు. మామయ్య పాత కస్టమర్లను పేర్లతో కాక ఆనవాళ్ళతో రాసుకునేవారు. ఆ ఆనవాలు చెబితే మీరు నేరుగా ఆవిడ ఇంటికి వెళ్ళిపోతారని నా భయం.

మీ ఆరాటం చూసి మామయ్య ఆవిడ గురించి రాసుకున్న ముక్క మాత్రం పంపుతున్నాను: "చేతులు వదులు చేయమని ఒకసారి, బిగుతు చేయమని ఒకసారి వాపస్ పంపింది. నోరు పెద్దది. దిల్ మంచిది. బతుకమ్మకు మలీద ఇచ్చింది."

విధేయురాలు,
కల్పలత

తా.క. ఆవిడ ఎలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది.


మారేడ్‌పల్లి,
మంగళవారం

కల్పలతకు ఆశీస్సులు.

అబ్బ, ఏం మనిషమ్మా! వదులంటుంది, బిగుతంటుంది. అలాంటి ఆవిడని మీ మామయ్య ఎలా భరించాడో! పైగా మలీద పెట్టి మంచి చేసుకుందా? దిల్ మంచిదట, దిల్! నా కొలతలు అలాంటి దాని పేరు మీద ఉండడానికి నేను ఒప్పుకోను. నాదే ఉంచు. ఆవిడ ఆదిని మిషన్ తుడిచే గుడ్డ చేసుకో. నా మీద ఏ పాపమూ రాదు.

ఇట్లు,
సుమిత్ర

తా.క. మలీదలో బెల్లం ఎంత వేస్తుందో వీలైతే కనుక్కో. నేనూ చేస్తాను.


రాంగోపాల్‌పేట్,
శుక్రవారం

మేడమ్ గారికి,

మీ మాటే నెగ్గింది. మీ ఆది మా దగ్గరే ఉంటుంది. ఆవిడదాన్ని గుడ్డ చేయడానికి మాత్రం నాకు మనసొప్పలేదు. ఇవాళే కొరియర్‌లో ఆవిడకి పంపించేశాను.

విధేయురాలు,
కల్పలత

తా.క. అడ్రసు స్థానంలో మామయ్య రాసుకున్న ఆనవాలే రాశాను. చేరుతుందో లేదో!


మారేడ్‌పల్లి,
బుధవారం

బంగారు తల్లి కల్పలతకు,

చేరింది.

నిన్న చిలకలగూడ నుంచి మా పాత ఇంటి ఓనరు భవాని వచ్చింది. చేతిలో నీ పార్శిల్. దాని మీద "చిలకలగూడ, పిండిగిర్నీ పైన ఉండే మేడమ్" అని ఉంది. "గిర్నీ మీద గిప్పుడు బ్యాచిలర్ పోరగాళ్లు ఉంటున్నరు. జాకెట్ వాళ్లేం జేస్కుంటరు? గా మేడమ్ నువ్వే గద సుమిత్రా" అంది.

విప్పి చూశాను. నీలం జాకెట్టు, హుక్కుల పట్టీకి ఎర్ర దారం. ఆ రోజు అమ్మకి నీలం దారం అయిపోయింది. "లోపలి కుట్టు ఎవరు చూస్తరే" అంది. ఇల్లు మారే ముందు దాన్ని మీ మామయ్యకిచ్చి నేనే మరిచిపోయాను. కొత్త ఇంటికి వచ్చాక మా ఆయన చేత ఇంకో ఆది పంపించి మీ లెక్కలో ఇంకో మనిషినయ్యాను. గుడ్డ చేసుకోమన్నది దీన్నేనమ్మా! జాకెట్టు మొహానికి అద్దుకుని భవాని ముందే ఏడ్చాను. నీకు మనసొప్పకపోవడం నా అదృష్టం.

ఇక ఇద్దరినీ కలిపి ఒక్క మనిషిని చెయ్యి. "నోరు పెద్దది" తీసెయ్యమని మామయ్యతో చెప్పు. మలీద మాట ఉండనీ. ఈ బతుకమ్మకు నీకూ తెస్తాను.

ఇట్లు,
పిండిగిర్నీ పైన మేడమ్

తా.క. ఇన్నేళ్లకూ నా కొలతలు దారమంత కూడా మారలేదని కంప్యూటర్ చెప్పింది కదా! అది ప్రింట్ తీసి, మీ దుకాణం స్టాంపు వేసి పంపు. మా ఆయనకి చూపించాలి.