అనసూయమ్మ వేసిన గొళ్లెం

నాంపల్లి,
జూన్ 1954

ప్రియమైన చెల్లె పూలమ్మకు,

నీ అన్న మొగులయ్య దీవించి రాయునది. నీ జాబు అందింది. దవాఖానల నర్సు పని నేర్చుకునే జాగ దొరికినా, నీ బిడ్డ యాదమ్మను పొద్దంత చూసుకునే మంచి తావు లేకపోతే పట్నం రానంటివి. జాతరల పిల్ల చెయ్యి జారి, పొద్దుగూకినంక దొరికిన నాటి నుంచి నువ్వు ఎవ్వల్నీ నమ్మవు. నమ్మకు. నేనూ నమ్మలే. అందుకే పరీక్ష పెట్టిన.

ముందు ఆబిడ్స్‌ల ఒక పెద్ద పిల్లల బడికి పోయిన. రంగుల గోడలు, ఊగే కర్ర గుర్రం, చూస్తే నాకే చేరబుద్ధయింది. ఇస్త్రీ అంగీ తొడుక్కున్న గదా, ఒక పోరన్ని చూపించి, "నేను వీని మేనమామను, వాళ్లమ్మ తోలుకరమ్మన్నది" అన్న. ఆడ పిల్లల్ని చూసే ఆయమ్మ నా మొఖం గూడ చూడలే. పోరన్ని చంకకిచ్చి, టోపీ పెట్టి మరీ సాగనంపింది. వాణ్ణి మళ్ల కూసోబెట్టి, "అమ్మా, ఆ గుర్రాన్నన్న కట్టేసుకో, దాన్ని గూడ ఎవడన్న ఎత్కపోతడు" అని వచ్చిన.

తెల్లారి, నాంపల్లి టేషన్ ఎనుక గల్లీల అనసూయమ్మ నడిపే బడికి పోయిన. రెండే అర్రలు. బొమ్మలు తక్కువ, గని ఒక్క పోరని ముక్కు కారుతలేదు. ఒక పిల్లను చూపించి గదే మాట చెప్పిన. అనసూయమ్మ అల్లుతున్న జడ విడువలే. "పిల్లను ఇంట్ల ఏమని పిలుస్తరు?" అనడిగింది. నోటికొచ్చిన పేరొకటి చెప్పిన. "మేనమామగారూ, జర కూసోండి" అని తలుపుకు గొళ్లెం వేసి, పిల్లల పీట మీద కూసోబెట్టింది. మోకాళ్లు గడ్డానికి తగులుతున్నయి. పోరగాండ్లంత నా మీసాలు చూసి నవ్వుడే నవ్వుడు. పిల్ల తల్లి వచ్చి "ఈయనెవరో నాకు తెల్వదు" అనంగనే, పోలీసుల మాట రాకముందే నిజం కక్కిన. అనసూయమ్మ నవ్వలే. "మీ మేనకోడల్ని పంపండి. మీ మజాకులు మాత్రం ఇంట్ల పెట్టి రండి" అన్నది.

ఇంక ఫికర్ చెయ్యకుండ బయలెల్లు.

నీ అన్న,
మొగులయ్య


అనసూయమ్మ బడి,
దీపాలు పెట్టేయాళ్ల

చెల్లె పూలమ్మకు,

నువ్వు పట్నం వచ్చి వారం గాలే, దవాఖానల పని తెగలేదు, యాదమ్మను నన్నే తీస్కపొమ్మని కబురంపితివి. వచ్చిన. పిల్ల "మామా" అని మెడకు చుట్టుకున్నది. అయినా అనసూయమ్మ ఇయ్యలే. "తల్లి నాకు చెప్పలే. అదీగాక, మొన్న మీరు ఇంకొకరికి గూడ మేనమామే గదా" అన్నది. పైకి గొణుక్కున్న గని, లోపల కడుపు సల్లగైంది. ఆనాడు జాతరల గిసొంటి ఆమె ఒక్కతి ఉంటే, నువ్వు అంత ఏడ్సకపోదువు.

రిక్షా దుర్గయ్య చేత ఈ చీటి పంపుతున్న. ఆ రిక్షాలనే రా. యాదమ్మ ఉప్మా తింటున్నది. నాకూ పెట్టిన్రు. గదే పీట మీద కూసున్న.

నువ్వొచ్చి చెప్పేదాక ఎవ్వరికీ మేనమామ కాని,
నీ అన్న,
మొగులయ్య