ఒకటి కొట్టేయమన్నారు

జూన్ 4, 2025. బుధవారం.
నాయనను చెప్పుతో కొట్టారు. మా మేకలు ఊళ్లో పెద్ద రైతు మాల్యాద్రి బోరు దగ్గర తొట్టిలో నీళ్లు తాగాయట. మాల్యాద్రి పదిమంది ముందు కులం పేరు పెట్టి తిట్టి మరీ కొట్టాడు. నాయన ఇంటికొచ్చి మేకల్ని కట్టేసి, అన్నం వద్దని పడుకున్నాడు.

జూన్ 5.
గిద్దలూరు వెళ్లి కంప్లైంట్ ఇచ్చాం. అట్రాసిటీ కేసు కట్టారు. నాయన సంతకం పెట్టాడు.

జూన్ 27.
డీఎస్పీ ఆఫీసుకు విచారణకు పిలిచారు. మాల్యాద్రి లాయర్ ఒక ఫోటో ఇచ్చాడు. ఈస్టర్ రోజు నాయన చర్చిలో బైబిల్ చదువుతున్న ఫోటో. క్రైస్తవుడైనవాడు ఎస్సీ కాడు, ఈ చట్టం అతనికి వర్తించదు అన్నాడు.

మా లాయర్ శ్యాంసన్ అన్న నాయనను వరండాలోకి తీసుకుపోయి, "చర్చికి పోనని చెప్పు మామా. ఒక్క మాట. కేసు నిలబడుతుంది" అన్నాడు. నాయన తలూపాడు. లోపల ఆఫీసర్ అడిగితే మాత్రం, "ముప్పై ఏండ్ల నుంచి పోతుండాను సార్. మాయమ్మను మట్టి చేసింది కూడా పాస్టరే" అన్నాడు.

నాయన మీద కోపం వచ్చింది. బస్సులో పక్కన కూర్చోలేదు. ఇప్పుడు రాస్తుంటే ఆ కోపం ఆయన మీద కాదని తెలుస్తోంది. నాయన బాప్తిస్మం తీసుకున్న రోజున మా ఇల్లు ఎస్సీ పల్లె దాటి ఊళ్లోకి జరగలేదు. టీ హోటల్లో మాకు వేరుగా పెట్టే గ్లాసు మారలేదు. చెప్పు తీసే ముందు మాల్యాద్రి నాయనను ఏ దేవుణ్ని మొక్కుతావని అడగలేదు. కొట్టడానికి మేము ఎస్సీలమే. కేసు పెట్టడానికి కాదు.

జూలై 19.
అట్రాసిటీ సెక్షన్లు తీసేశారు. మామూలు కొట్లాట కేసు మిగిలింది.

ఆగస్టు 11.
తహశీల్దారు ఆఫీసు నుంచి నాకు నోటీసు వచ్చింది. నేనూ చర్చికి వెళ్తానని, నా ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదని ఎవరో అర్జీ పెట్టారు. అది రద్దయితే డీఎస్సీలో వచ్చిన టీచర్ పోస్టు పోతుంది. దానికోసం నాలుగేళ్లు చదివాను.

నాయన నోటీసు రెండుసార్లు చదివాడు. "నా నోటితో వచ్చిందే గదా రేచలూ ఇది. నువ్వు కాదని చెప్పుకో. దేవుడేమీ అనుకోడులే" అన్నాడు. తన కోసం ఆడని అబద్ధం నా కోసం ఆడమన్నాడు. బయటికి వెళ్లి ఏడ్చాను.

ఆగస్టు 18, సోమవారం. సాయంత్రం 5:40.
తహశీల్దారు ఆఫీసు బెంచీ మీద రాస్తున్నాను. నోటీసుకు జవాబుగా ఇచ్చే ఫారంలో మతం క్రిస్టియన్ అని రాశాను. కులం నాయన కులమే రాశాను. రెండూ కుదరవు, ఒకటి కొట్టేయమన్నాడు క్లర్కు. మీరే కొట్టేయండని పెన్ను ఆయన చేతికిచ్చాను. దీన్ని పెన్సిలుతో రాస్తున్నాను. ఆయన ఇంకా కొట్టేయలేదు.