ఖాళీగా వదిలేసిన రెండు గడులు

బుజ్జీ, నేను బాగానే ఉన్నాను, బెంగపడకండి.

నిన్న నా కాంప్రహెన్సివ్ పరీక్ష అయింది. అది గట్టెక్కితేనే థీసిస్ డిఫెన్సుకు రానిస్తారు. నలుగురు పరీక్షకులు రెండు గంటలు నన్ను ఉతికి ఆరేసి, ఫారం మీద సంతకాలు పెట్టి, ఎవరి ఊరికి వాళ్లు బస్సెక్కేశారు. తీరా చూస్తే పాస్, ఫెయిల్ గడులు రెండూ ఖాళీ. ఆఫీసు గుమాస్తా "సంతకాలున్నాయిగా, పాసే" అంటాడు. మా గైడు "టిక్కు లేకపోతే ఎలాగమ్మా" అంటారు. నాకేమీ పాలుపోవడం లేదు.

నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? బీరువాలో ఉన్న నా నీలం ఫైలు పంపమను. అందులో నీ ప్రోగ్రెస్ కార్డు కూడా పెట్టు. ఇన్నేళ్లూ నేనూ మార్కుల వంక చూడకుండానే సంతకం గీకేశాను. ఈసారి చదివి పెడతాను.

ముద్దులతో,
అమ్మ