నా పేరు మీద నీ వేళ్ళు

మాచర్ల

ప్రియమైన మార్తమ్మకు, నీ మొగుడు ఏసోబు రాసేది.

ప్రియమైన అని రాయడం నాకు అలవాటు లేదు. ఉత్తరం అట్లానే మొదలుపెట్టాలని పాస్టరు గారు చెప్పాడు, పెట్టాను. ఫోన్లో మాట్లాడదామంటే రాళ్ళ మిషను దగ్గర పోయిన నా చెవుల సంగతి నీకు తెలుసు. పక్కింటివాళ్ళ చేత మాట్లాడిస్తే మన మాటలు వీధిలో తిరుగుతాయి. అందుకని ఒక్కో అక్షరం కూడబలుక్కుని రాస్తున్నాను. తప్పులుంటే నవ్వబాక.

నిన్ను ఇంటికి రమ్మని రాయడం లేదు. మీ సలోమి అక్కకు పక్షవాతం వస్తే చెయ్యడానికి పోతానన్నావు. వద్దన్నాను. పోయావు. ఆ సంగతి అయిపోయింది. నాకు కావాల్సింది నీ వేలు.

నువ్వు పోయిన దగ్గర్నుంచి నాకు పింఛను రావడం లేదు. సచివాలయం వాళ్ళు మిషను తెస్తారు, నేను వేలు పెడతాను, ఎర్ర లైటు వెలుగుతుంది. బియ్యం దగ్గరా అంతే. నువ్వున్నప్పుడు నా వేలు పడకపోతే నీ వేలు పెట్టేదానివి. వెంటనే పడేది. ఇద్దరం సంచి ఎత్తుకుని వచ్చేవాళ్ళం. మొన్న డీలరు రవి కుమార్ అందరి ముందూ అన్నాడు: "ఏసోబు తాతా, నువ్వు నాపరాళ్ళు అరగదీశావనుకున్నా. రాళ్ళే నీ వేళ్ళు అరగదీసినయ్." లైన్లో ఉన్నవాళ్ళు నవ్వారు. ఖాళీ సంచి దులిపి భుజాన వేసుకుని వచ్చాను.

ఎవరేం చెబితే అది చేశాను. నిమ్మకాయ రుద్దాను, కొబ్బరినూనె రాశాను, వేడినీళ్ళలో నానబెట్టాను. చింతపండు పులుసులో కూడా ముంచాను. కూరయినా అయ్యేది, వేలు మాత్రం పడలేదు.

ఒక్క రోజు వచ్చి వేలు పెట్టిపో. అన్నం కూడా వండక్కర్లేదు.

ఉంటాను,
ఏసోబు

*

చిలకలూరిపేట

ప్రియమైన మావకు,

ప్రభువు కృప వల్ల నీ ఉత్తరం చేరింది. అక్షరాలు కుంటుకుంటూ వచ్చినా మాటలు మాత్రం కర్ర పట్టుకునే వచ్చాయి. చేవ్రాలు చూడకుండానే నువ్వని తెలిసింది.

అక్కను వదిలి రాలేను. పక్క తిప్పాలి, గంజి తాగించాలి. కుడిచెయ్యి చచ్చుబడింది కదా, ఎడమ చేత్తో నా కొంగు పట్టుకుని పడుకుంటుంది. దాని మనవరాలు నిస్సీ పొద్దున్నే పత్తి జిన్నింగు మిల్లుకు పోతే ఇంట్లో మేమిద్దరమే.

నీకు చెప్పని సంగతి ఒకటుంది. ఇక్కడ బియ్యం తెచ్చుకుందామని నేను కూడా పోయాను. నా పేరు మీద నా వేలు పడలేదు. నేను మిరపకాయలు కోశాను గానీ రాళ్ళెప్పుడు అరగదీశాను మావా? నా వేలి గీతలు చిన్నపిల్ల గీతల్లా ఉన్నాయని నిస్సీ అంది. మరి నీ పింఛనుకు పడే వేలు నా బియ్యానికి ఎందుకు పడదు? ఆలోచించగా ఆలోచించగా బడిలో ఆధార్ తీసిన రోజు గుర్తొచ్చింది.

ముందు నా పేరు రాసుకున్నారు. మిషను దగ్గరున్న అబ్బాయి నా చెయ్యి పట్టుకుని దాని అద్దం మీద నొక్కబోతే వెనక్కి లాక్కున్నాను. పరాయి మగవాడి చేతిలో చెయ్యి పెట్టి ఎరగను. వెనకున్న ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. నీకు నామోషీ అయింది. ముందుకొచ్చి, "ఏమే, ఇదేమన్నా కరుస్తదా, ఇటు చూడు" అని నీ వేళ్ళు పదీ అద్దం మీద పెట్టి చూపించావు. తర్వాత నా చెయ్యి నువ్వే పట్టుకుని పెట్టించావు. ఆ అబ్బాయి తలెత్తి చూస్తే కదా. నువ్వు చూపించడానికి పెట్టినవి నా పేరు మీద దాచుకున్నాడు. నావి నీ పేరు మీదకు పోయాయి.

అరగడం కాదు మావా, తారుమారు. ఇద్దరం కలిసి తిరిగినన్నాళ్ళు ఎవరి వేలో ఒకరిది పడింది గనుక మనకు తెలియలేదు. పెద్ద సెంటరుకు పోయి ఇట్లా జరిగిందని చెప్పు.

వేళకు తింటున్నావని తలుస్తూ,
మార్త

*

మాచర్ల

మార్తమ్మకు,

నీ ఉత్తరం చదివి నమ్మలేదు. భయపడే పెళ్ళానికి ధైర్యం చెప్పడం కూడా తప్పేనా అని రెండుసార్లు ఉమ్మేశాను. తర్వాత చొక్కా వేసుకుని బయలుదేరాను.

ఎన్ని కిటికీల దగ్గర నిలబడ్డానో అడగబాక. అందరూ నా వేళ్ళు తిప్పి తిప్పి చూశారు. లోపల ఏం దాచిపెట్టారో చూసినవాడు ఒక్కడూ లేడు. వేళ్ళు మారినయ్ అయ్యా అంటే, వేళ్ళెట్లా మారతాయి, ఇంటికి పో అన్నారు. పింఛను దగ్గర ఒకడు ఇంకో మాట అన్నాడు. "మరి ఇన్నేళ్ళు ఎవరి దొంగ వేలుతో తిన్నావు?" మార్తా, ఒకప్పుడైతే వాడి చొక్కా నా చేతిలో ఉండేది. నిలబడి నిలబడి కాళ్ళు లాగుతున్నాయి, బల్ల మీద కూర్చున్నాను. దొంగ అన్నవాడి ముందు కూర్చున్నాను.

చివరికి నరసరావుపేట పోయాను. అక్కడి సెంటరులో మెహ్జబీన్ అనే అమ్మాయి ఉంది. నా చెవిలో అరిచి అరిచి అలసిపోయింది గానీ విసుక్కోలేదు. నీ ఆధార్ నంబరు కొట్టి నా వేలు పెట్టించింది. పచ్చ లైటు. నేను మార్తమ్మనంట. ఆ పిల్ల చేత్తో నోరు మూసుకుని నవ్వింది. తర్వాత చెప్పింది: "తాతా, నీ వేళ్ళకేం రోగం లేదు. రోగం దాచిన చోట ఉంది. మిషనుకు మనుషులు తెలవదు, దాచిందే తెలుసు. తప్పు దాస్తే ఆ తప్పునే నిజమనుకొని నిన్ను కాదంటది."

నావి సరిచెయ్యమన్నాను. కుదరదంది. ఒక్కడినే పోతే ఈ వేళ్ళు ఇంకొకరివని తిప్పికొడుతుందంట. ఇద్దరం ఒకేసారి వచ్చి, ఇద్దరివీ తీసి, మళ్ళీ ఎక్కించుకోవాలంట. ఈ నెల దాటితే పింఛను జాబితాలో పేరు కొట్టేస్తారని సచివాలయంలో చెప్పారు. పేరు పోతే పోయింది, దొంగ అన్న మాట ఉండిపోతుంది. అది నాకొద్దు.

రావాలి నువ్వు. నరసరావుపేట నీకు దగ్గరే.

జవాబు తొందరగా రాయి,
ఏసోబు

*

చిలకలూరిపేట

మావకు,

గురువారం వస్తాను. ఆ రోజు నిస్సీ మిల్లు మానుకుని అక్క దగ్గర ఉంటానంది. నరసరావుపేట బస్టాండులో టీకొట్టు దగ్గర నిలబడతాను, కార్డు తెచ్చుకో.

నిన్ను దొంగ అన్నవాడి మాట చదివి అన్నం సయించలేదు. ఎవరి సొమ్మూ ముట్టని మనిషివని ఆ మిషనులో ఎక్కడా రాసి ఉండదు కదా.

నువ్వు రెండు ఉత్తరాలు రాశావు. రెండింటిలోనూ నా వేలి సంగతే. మనిషిని ఎట్లా ఉన్నానో అడగలేదు. సరే. పనయ్యాక సాయంత్రం బస్సుకే నేను తిరిగిపోవాలి. మాచర్ల బస్సు ఎక్కమని మాత్రం అనవద్దు. కాదని చెప్పి వెనక్కి తిరిగి నడవడం నాకు ఇంకోసారి చేతకాదు.

అక్క నిన్ను అడిగింది. మాట తిరగడం లేదు, సైగ చేసింది.

మార్త

*

మాచర్ల

ప్రియమైన మార్తా,

ఈసారి ఎవరూ చెప్పలేదు, నేనే రాశాను.

ఈ రోజు రవి కుమార్ షాపుకు పోయి నా వేలు పెట్టాను. నా పేరే వచ్చింది, పచ్చ లైటు. "పడింది తాతా" అని వాడే గట్టిగా అరిచాడు. లైన్లో ఎవరూ నవ్వలేదు. పింఛను నిన్ననే ఇచ్చారు. దొంగ అన్నవాడు నా మొహం చూడకుండా వేలు పెట్టించుకున్నాడు. ఎగిరి గంతెయ్యాల్సింది. సంచి గుమ్మంలో దించి, విప్పకుండా దాని పక్కనే కూర్చున్నాను.

సెంటరులో నీ చెయ్యి అద్దం మీద సరిగా ఆనలేదు. మెహ్జబీన్ పట్టుకోబోయి ఆగి, నన్ను పట్టుకోమంది. ఎంత బక్కగా అయ్యావే. మనుషుల్ని ఎత్తి దించే చెయ్యి అది, ఎముకలు తగిలినయ్. బస్టాండులో నీతో చానా చెప్పాలనుకున్నాను. చివరికి బస్సు వచ్చిందని మాత్రమే చెప్పాను. నువ్వెట్లా ఉన్నావు? ఒంట్లో బాగుందా? ముందే అడగాల్సింది.

ఇన్నాళ్ళు వేలు పడడం లేదని రాస్తే చాలు, ఉత్తరానికి పని ఉండేది. ఇప్పుడు నా వేళ్ళు నావి, నీ వేళ్ళు నీవి. నీకు రాయడానికి నాకు పనేమీ లేదు. అయినా రాస్తున్నాను.

రవి కుమార్‌ను ఒక మాట అడిగాను. ఈ వేలు చిలకలూరిపేటలో పెడితే బియ్యం ఇస్తారా అని. "నీ లెక్క ఇప్పుడు సరిగా ఉంది తాతా, ఎక్కడ పెట్టినా నువ్వు నువ్వే" అన్నాడు. పింఛను కూడా అక్కడికి మార్చుకోవచ్చని సచివాలయంలో కాగితం తీసుకున్నారు.

మీ అక్కను పక్క తిప్పడానికి నీ ఒక్కదాని వల్ల కాదు. నేను రాళ్ళు ఎత్తినవాణ్ణి, నాకు బరువు లెక్క కాదు. వినపడదు గనుక మీ అక్క మాట తిరగకపోయినా నాకు ఇబ్బంది లేదు. కాటికి కాళ్ళు చాపుకుని వదిన ఇంట్లో ఇల్లరికం చేరాడని ఇక్కడ అంటారు. అననీ. మా పెదనాన్న మనవడికి తాళం ఇచ్చాను.

వద్దనుకుంటే వద్దని జవాబు రాయి. అది ఇక్కడికి చేరేసరికి నేను అక్కడ ఉంటాను.

నీ ఏసోబు