మూడో పాయ

తమ్ముడికి, అక్క దీవెనలు. మేమిద్దరం బాగానే ఉన్నాం, నా మోకాలి సంగతి పక్కన పెడితే. ఓడలో అందరికీ వండిపెట్టే నువ్వు వేళకి తింటున్నావో లేదో రాయలేదు. అడిగినా రాయవని నాకూ తెలుసు.

మన పిచ్చుక చదువు ఎలా ఉందని అడిగావు. మరదలు పోయాక నీ కూతురికి పొద్దున చదివింది సాయంత్రానికి ఉండేది కాదు కదా. పదకొండేళ్ల పిల్లని తిట్టీ తిట్టీ నా నోరే నొప్పి పుట్టింది. చివరికి వాళ్ల టీచరమ్మ ఒక ఉపాయం చెప్పింది. పాఠంలో ఒక్కో ముక్కనీ ఇంట్లో ఒక్కో చోట పెట్టుకుని, పుస్తకం మూసేసి, మనసులోనే ఇల్లంతా తిరుగుతూ వాటిని ఏరుకు రావాలట. మర్నాడు మళ్లీ, వారం పోయాక మళ్లీ. తిన్నది ఎలా అరుగుతుందనే పాఠానికి ఇప్పుడు మా గుమ్మంలో నోరుంది, పొయ్యి మీద పొట్ట ఉంది, బట్టల తాడు మీద పేగులున్నాయి. నేను మిషన్ కుడుతూ ప్రశ్నలడుగుతాను, అది గడగడా అప్పజెబుతుంది. మొన్న పరీక్షలో ఒక్కటీ తప్పలేదు. "పేగులు దించి బట్టలు ఆరేసుకో అత్తా" అని నన్నే ఆట పట్టిస్తోంది.

ఒక సంగతి రాయాలా వద్దా అని చాలా తన్నుకులాడాను. నీ ఉత్తరాల్లో మరదలి ఊసుండదు, నేనూ ఎత్తను. కానీ పిచ్చుక పాఠాలతో పాటు వాళ్లమ్మనీ అలాగే చదువుకుంటోందిరా. ఒక్కో మూల అమ్మ మాట ఒకటి పెట్టుకుంది. అద్దం దగ్గర జడ మాట. జడ వేస్తూ మరదలు, "ఒక పాయ నీకు, ఒక పాయ నాకు" అనేదట. మూడోది ఎవరికో దీనికి గుర్తు రాలేదు. అద్దం ముందు నిలబడి వెక్కి వెక్కి ఏడ్చింది. చూడలేక, "మూడోది 'నాన్నకి' అనేది కదే, నేను విన్నాను" అన్నాను. నేనెక్కడ విన్నాను, నా మొహం. ఆ పూటకి ఏడుపాగితే చాలనుకున్నాను. అది ఆ మాటని రోజూ వల్లె వేసుకుంది.

నిన్న జడ వేస్తూ, ఉండబట్టలేక నిజం చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నాను.

"తెలుసత్తా," అంది. "అమ్మ 'నాన్నకి' అనేది కాదు. ఇంకేదో అనేది. కానీ ఇప్పుడు అమ్మ గొంతులో కూడా అదే వినిపిస్తోంది."

నాకు ఏడుపు ఆగలేదు. "ఉండు, మీ నాన్నకి రాసి అడుగుతా" అన్నాను.

"వద్దత్తా. నాన్న కూడా మర్చిపోయుంటే?"

అది వద్దన్నా రాస్తున్నాను. మరదలు మూడో పాయ ఎవరికి అనేదో నీకు గుర్తుంటే వెంటనే రాయి. గుర్తు లేకపోతే జవాబివ్వకు, ఈ ఉత్తరం నీకు అందనే లేదనుకుంటాను, పిల్లకి ఏమీ చెప్పను. అంతేగాని, దాన్ని ఊరడించడానికి నీకు తోచింది మాత్రం రాయకు తమ్ముడూ. అది చదివినదేదీ ఇప్పుడు మర్చిపోదు.

ఇట్లు,
మీ ఇద్దరి మీదా బెంగతో,
అక్క